ఆ నంబరు ఇచ్చింది నేను

మా కంపెనీ ఎందుకు మూతపడిందని ఇక్కడ విత్తనాల వ్యాపారం చేసేవాళ్లలో ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు: భాయ్ రైతు నంబరును బయటివాళ్లకు ఇచ్చాడని. భాయ్ అంటే నా భాగస్వామి. ఇచ్చింది ఆయన కాదు, నేను. ఇన్నేళ్లూ ఆ మాట ఆయన మీద తిరుగుతుంటే వింటూ ఊరుకున్నాను.

ఖానాపురం హవేలిలో ఒక ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకుని మొదలుపెట్టాం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చినవాణ్ణి. ఆయన తండ్రి మిర్చి కమీషన్ వ్యాపారి. భాయ్ మిర్చి యార్డులోనే పెరిగాడు. విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణాలకు బిల్లులు కొట్టే యాప్‌ను ఉచితంగా ఇచ్చేవాళ్లం. ఆ బిల్లులన్నీ మా దగ్గరికి చేరేవి. ఏ మండలంలో ఏ రకం విత్తనం ఎప్పుడు కదులుతోందో చూసి, ఆ సమాచారాన్ని కంపెనీలకు అమ్మేవాళ్లం.

దుకాణదారులకు ఒకటే భయం. రైతు పేరు, నంబరు కంపెనీ చేతిలో పడితే, ఆ కంపెనీ దుకాణాన్ని దాటి నేరుగా రైతు ఇంటికే పోయి అమ్ముకుంటుంది. తల్లాడలో ఒక పెద్దాయనకు విత్తనాల దుకాణం ఉండేది. చుట్టుపక్కల దుకాణాలన్నీ ఆయన మాట వినేవి. యాప్ పెట్టించుకునే రోజు ఆయన నావైపు చూడను కూడా లేదు.

"గీయన సంగతి నాకు తెల్వది. నువ్ చెప్పు భాయ్. మా రైతుల పేర్లు బయటికి పోతయా?"

"పోవు కాకా. ఏ ఊర్ల ఎంత అమ్ముడువోయిందో గదే పోతది. పేరు పోతే నన్నడుగు."

"నిన్నే అడుగుత."

ఆ మాట మీద తల్లాడ నుంచి దమ్మపేట దాకా దుకాణాలు మాతో చేరాయి. నా సాఫ్ట్‌వేర్ చూసి ఒక్కరూ చేరలేదు.

కొన్నాళ్లకు ఒక విత్తనాల కంపెనీ మేనేజర్ మా ఆఫీసుకు వచ్చాడు. తెర మీద మ్యాప్ చూస్తూ, దమ్మపేట అవతల అడవి అంచున ఒక చుక్క దగ్గర ఆగాడు. అక్కడ ఒకే ఫోన్ నంబరు మీద బోలెడన్ని పత్తి విత్తనాలు అమ్ముడయ్యాయి.

"ఇంత పెద్ద రైతా? ఈయన్ని ఒకసారి కలిపించండి. మీ డేటా నిజమని తేలితే సంతకం పెట్టేస్తాం."

భాయ్ ఆ రోజు మధిరలో ఉన్నాడు. అడిగితే వద్దంటాడని తెలిసే అడగలేదు. నంబరు, ఊరి పేరు మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపాను. కంపెనీవాళ్లు ఊరికే ఆ ప్రాంతం చూడ్డానికి వస్తున్నారని భాయ్‌కి చెప్పాను.

మేనేజర్‌తో కలిసి బయల్దేరిన రోజు, కారులో భాయ్ ముందు కూర్చుని దారిలో కనిపించిన పంటల గురించి ఉత్సాహంగా చెబుతున్నాడు. పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యాక, నా పక్కనున్న మేనేజర్ ఫోన్ తీసి ఎవరికో చేశాడు. కలవలేదు.

"ఎవరికి సార్?" అన్నాడు భాయ్.

"మన పెద్ద రైతుకే. నంబరు మీవాళ్లే ఇచ్చారుగా."

భాయ్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పంటల మాటలు అక్కడితో ఆగిపోయాయి.

ఆ గూడెంలో మేం వెతుకుతున్న నంబరు ఒక నడివయసు ఆమెది. ఫోను ప్లాస్టిక్ కవరులో చూరుకు వేలాడుతోంది. పక్కనున్న ఆడవాళ్లతో కోయ భాషలో ఏదో అని, మాతో తెలుగులోకి మారింది.

"గా నంబరు నాదే. ఏం కావాలె?"

"పత్తి ఎంత వేశారమ్మా?" అన్నాడు మేనేజర్.

"గీ ఇంటెనక కనిపిస్తుంది చూడు, గదే మా చేను."

"మరి అన్ని ప్యాకెట్లు ఎవరికి?"

"ఊరందరికి. వానలకు ముందర ఒకరం ఆటోల పోయి అందరియి తెస్తం. సిగ్నల్ మా చూరు కిందనే దొరుకుతది. గందుకే దుకాణపాయన అందరి బిల్లుల మీద నా నంబరే ఏస్తడు."

"అయితే వీళ్ల ఫోన్ల నువ్వు దొరసానివే. మాకు కూలి పెంచు మరి," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. మేనేజర్ నవ్వలేదు.

ఒక నంబరు అంటే ఒక మనిషి అని సాఫ్ట్‌వేర్‌లో రాసింది నేనే. ఇటువంటి ఊళ్ల పక్కనే పుట్టి పెరిగి అలా రాశాను.

"ఇంతకు నా నంబరు మీకెవరిచ్చిన్రు?" అని అడిగిందామె. ఆమె ఫోను తీసి దమ్మపేట దుకాణానికి చేసింది. మేమింకా ఆ చూరు కింద ఉండగానే భాయ్ ఫోన్ మోగింది. దమ్మపేట దుకాణం నుంచి కబురు అందుకున్న తల్లాడ పెద్దాయన. ఆ గొంతు నాకు కూడా వినబడుతోంది.

"భాయ్, నంబరు ఎవరిచ్చిన్రు?"

ఆయన ఫోన్ చెవి దగ్గరుంచుకునే నన్ను చూశాడు. నేనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మేనేజర్ పక్కనే ఉన్నాడు. సంతకం ఇంకా చేజారలేదనుకుని నోరు మూసుకున్నాను.

"మా ఆఫీసు నుంచే పోయింది కాకా."

"నిన్నే అడుగుతనంటి."

"అవ్. నన్నే అడుగు."

సంతకం కాలేదు. దుకాణాలు ఒక్కొక్కటిగా యాప్ తీసేశాయి, కంపెనీ మూతపడింది. స్టార్టప్ పెట్టినవాడినన్న పేరుతో నాకు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగమే దొరికింది. భాయ్ ఏ దుకాణంలోనూ నా పేరు ఎత్తలేదు.

ఈ మధ్య ఆయన డ్రిప్ పైపుల ఏజెన్సీ తీసుకున్నాడనీ, తల్లాడ వైపు ఒక్క దుకాణమూ సరుకు దింపనివ్వడం లేదనీ, ఇలాగే ఉంటే ఏజెన్సీ చేజారుతుందనీ తెలిసింది. సెలవు పెట్టి తల్లాడ వెళ్లాను. పెద్దాయన తన దుకాణంలో గల్లా పెట్టె దగ్గరే ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను.

"గూడెంల నిలబడి గిదే చెప్తే ఏమైతుండె?"

"కంపెనీ పోతదనుకున్న."

"ఇప్పుడున్నదా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన ఫోన్ తీశాడు.

"భాయ్, రేపు పైపులు పట్కరా... ఆఁ, వచ్చిండు. చెప్పిండు. మాట్లాడుతవా?"

కాసేపు విని ఫోన్ పెట్టేశాడు.

"ఇప్పుడొద్దన్నడు," అన్నాడు నాతో. "నాకు చెప్తే అయిపోలే. ఆయన్ని మాటలన్న దుకాణాలు ఇంకా ఉన్నయ్."

రోడ్డు దాటి ఎదుటి దుకాణం మెట్లెక్కాను. అక్కడాయన నన్ను గుర్తుపట్టలేదు. మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.