చీటీ అత్తయ్య బీరువా

చీటీ అత్తయ్యకు లోకంలో ఒక్కటే బలహీనత. కళ్ళెదుట ఏ వస్తువు కనిపించినా దానికో చీటీ తగిలించందే ఆమెకు ముద్ద దిగదు. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసి, పుస్తకాల అట్టలకు చీటీలు అతికించీ అతికించీ పదవీ విరమణ చేసింది. జిగురు సీసా, గడువు తేదీ వేసే ముద్ర మాత్రం విరమించలేదు. అవి ఆమెతోపాటు ఇంటికొచ్చేశాయి. అతికించడానికి ఇంట్లో అన్ని పుస్తకాలెక్కడివి? దాంతో ఆమె చూపు బట్టల మీద పడింది. పదకొండేళ్ళలో బంధువర్గంలో ఆమె చెయ్యి పడని పడకగది బీరువా లేదు.

మొదటి చీటీ ఇంట్లోనే పడింది. ఆమె భర్త గడియారాలు బాగుచేసే మనిషి. మధ్యాహ్నం భోజనమయ్యాక కంటికి భూతద్దం తియ్యకుండానే కుర్చీలో కునుకు తీస్తాడు. ఒకరోజు లేచి చూసుకుంటే చొక్కా జేబుకు గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. ‘రెండు గంటల నుంచి కదలలేదు’ అని దాని మీద రాసి ఉంది. ఆయన దాన్ని అలాగే ఉంచుకున్నాడు. మూడున్నరకు టీ తాగేటప్పుడు ఆ చీటీ వెనక ‘ఇప్పుడే కదిలాను’ అని రాసి, తిరిగి ఆమె చేతికిచ్చాడు. వాళ్ళ కాపురం అలాంటిది.

అత్తయ్య బీరువా సర్దే తీరు ఒకసారి చూస్తే మరచిపోలేం. ముందు తలుపులు రెండూ బార్లా తెరుస్తుంది. తరవాత ఓ కుర్చీ తెప్పించుకుని బీరువా ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. ‘బట్టలు నిద్రలో ఉంటాయి, ఉన్నపళంగా లాగితే బెదురుతాయి’ అంటుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. కానీ ఆ ఐదు నిమిషాల్లో కిటికీలోంచి వచ్చే ఎండ ఒక అర మీంచి ఇంకో అర మీదికి జరుగుతుంది. మడతల్లోంచి కలరా ఉండల వాసన మెల్లిగా గదంతా అలుముకుంటుంది. నవ్వినవాళ్ళు కూడా ఎక్కడెక్కడి సంగతులో తలుచుకుంటూ మంచం అంచున కూలబడతారు.

అప్పుడు మొదలవుతుంది విచారణ. ఒక్కో బట్టా తీయడం, చివరిసారి ఎవరు వేసుకున్నారు, ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళారు అని అడగడం, చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసుకోవడం. ఏడాదిగా ఒంటి మీదికెక్కని బట్ట ఆమె సంచీలోకి పోవలసిందే. ఒక బ్యాంకు గుమాస్తా, అత్తయ్యకు దూరపు చుట్టం, ఒక్క టై గురించి గంటన్నర చెప్పాడు. చెప్పినంతసేపూ ఆ టైని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూనే ఉండి, చివరికి విసురుగా సంచీలో పడేశాడు. ఆ ఇంట్లో ఆ పూట వంట కాలేదు.

ఇంతమంది బీరువాలు అద్దంలా సర్దిపెట్టే మనిషి సొంత ఇంట్లో మావయ్య చొక్కాలు మాత్రం తలుపు వెనక మేకులకు వేళ్ళాడుతుంటాయి. ప్యాంట్లు పరుపు కింద ఉంటాయి. పడకగదిలో గోడంత బీరువా ఉంది. దానికెప్పుడూ తాళమే. ఆ తాళంచెవికి కూడా ‘తాళంచెవి’ అని చీటీ కట్టి ఉంటుంది. లోపల ఏముందని ఎవరైనా అడిగితే మావయ్య భూతద్దం సర్దుకుని గడియారం మీదికి వంగిపోతాడు. చుట్టాలందరూ కడుపుబ్బ నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మేనకోడలు.

మేనకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. రోజంతా జనం చేత అక్షరాలు చదివించి, ఏ అద్దం పెడితే ఎవరికి ఏది కనిపిస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంటి సంగతుల్లో మాత్రం కోపం వస్తే ముక్కు కింద ఉన్నది కూడా కనిపించదు. వాళ్ళమ్మ పోయాక, అమ్మ పడకగదిలోని చెక్కబీరువా దగ్గర మేనకోడలికీ ఆమె చెల్లెలికీ తగువొచ్చింది. బీరువా ఒక్కటే, కావలసినవాళ్ళు ఇద్దరు. ‘నువ్వు రైల్లో తీసుకుపోతావా దాన్ని’ అని అక్క అంది. ‘నీకంటే అమ్మకి నేనే దగ్గర’ అని చెల్లెలు అంది. బీరువా అక్కింటికి చేరింది. చెల్లెలు తన ఊరికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు మాటల్లేవు.

చెల్లెలు వెళ్ళిన మర్నాడే మేనకోడలు అత్తయ్యకు కబురు పంపి బీరువా సర్దించుకుంది. ఆ రోజు మేనకోడలి ఊపు చూస్తే బట్టలే కాదు, బీరువా కూడా సంచీలో కూరేసేలా ఉంది. అట్టడుగు అరలోంచి ఒక ఆకుపచ్చ రెయిన్‌కోటు బయటపడింది. మిగతా బొత్తాలు పచ్చవి, మూడోది మాత్రం తెల్లది. ఊడిపోయిన బొత్తానికి బదులు అమ్మ కుట్టింది.

“ఇది చివరిసారి ఎవరు వేసుకున్నారు?” అని అత్తయ్య అడిగింది.

“ఇద్దరం.”

“ఒకేసారా?”

“ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి దానిది. బడికి అలాగే వెళ్ళేవాళ్ళం. ఇంట్లో ఇంకో కోటుండేది కాదు. రాసుకున్నది చాలు, పారెయ్యి అత్తయ్యా.”

అత్తయ్య చాలాసేపు ఏదో రాసింది. ఉంచనా అని మూడుసార్లు అడిగింది. వద్దని మూడుసార్లూ మేనకోడలే చెప్పింది. వెళ్ళేముందు అత్తయ్య మధ్య అర మొత్తం ఖాళీ చేసి, చెక్క అంచుకు ఒక చీటీ అతికించింది. అందులో ‘రిజర్వు’ అని ఒకే మాట ఉంది. ఇక్కడ చేతిరుమాలు కూడా పెట్టడానికి వీల్లేదంది. ఎవరి కోసమో చెప్పలేదు. మేనకోడలు దుప్పట్లు కుర్చీల మీద పెట్టుకుంటూ, రెండేళ్ళపాటు ఆ ఖాళీ అరను చూసినప్పుడల్లా అత్తయ్య పిచ్చిని తిట్టుకుంది. అయినా ఎందుకో అందులో ఏమీ పెట్టలేదు.

ఈ వానాకాలం మొదట్లో, ఒక గురువారం సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. రెండు వైపులా వాన చప్పుడు మాత్రం వినబడుతోంది.

“ఆదివారం వద్దామనుకుంటున్నాను” అని చెల్లెలు అంది. కాస్త ఆగి, “మన పచ్చ కోటు ఉందా?” అని అడిగింది.

“ఎందుకుండదు, ఉంది” అంది అక్క.

“అయితే గొడుగు తెచ్చుకోను. స్టేషన్‌కి అదే పట్టుకురా.”

ఫోన్ పెట్టేసి మేనకోడలు పడకగదిలోకి పరుగెత్తింది. బీరువా ఎదుట నిలబడింది. లేని కోటు కోసం అరలన్నీ రెండుసార్లు గాలించింది. కోటు పారేశానని చెప్తే చెల్లెలికి ఏం వినబడుతుందో ఆమెకు తెలుసు. నిన్ను పారేశానని వినబడుతుంది. రెండేళ్ళ తరవాత తెరుచుకున్న తలుపు మళ్ళీ మూసుకుపోతుంది. శుక్రవారం దుకాణానికి సెలవు పెట్టి బజారంతా తిరిగింది. ఆకుపచ్చ కోట్లు దొరికాయి. కానీ మూడో బొత్తం తెల్లగా ఉన్న కోటు కావాలంటే దుకాణదారు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

శనివారం పొద్దున తడుస్తూ అత్తయ్య ఇంటికి వెళ్ళింది. ఆ కోటు ఎవరికిచ్చావో చెప్తే కాళ్ళావేళ్ళా పడైనా తెచ్చుకుంటానంది. అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, పారేసిన తేదీ ఎంత అని అడిగింది. ఆ రోజు ఎండగా ఉందా, మబ్బుగా ఉందా అని కూడా అడిగింది. మేనకోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మావయ్య కంటికి ఉన్న భూతద్దం తీసేశాడు. పని మధ్యలో ఆయన దాన్ని తియ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

‘తాళంచెవి’ అన్న చీటీ వేలాడుతున్న తాళంచెవితో అత్తయ్య గోడంత బీరువా తెరిచింది.

లోపల అత్తయ్యది ఒక్క బట్ట కూడా లేదు. పై నుంచి కిందిదాకా కోట్లు, శాలువలు, చిన్నపిల్లల టోపీలు, ఒక మౌతార్గాను, ఒంటి మేజోడు. బ్యాంకు గుమాస్తా టై కూడా ఉంది. అన్నీ ఉతికి, మడతపెట్టి, మెత్తటి కాగితం చుట్టి ఉన్నాయి. కిటికీ వెలుతురు వాటి మీద పడుతుంటే ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నీ అక్కడికి వచ్చి నిద్రపోతున్నట్టు అనిపించింది. మేనకోడలు వంగి దగ్గరున్న చీటీలు చదివింది. ‘తండ్రితో మాటపట్టింపు వచ్చిన రోజు తీసినది.’ ‘పరీక్ష పోయిన వారం.’ ‘అద్దంలో చూసుకుని ఏడ్చాక.’

ఆకుపచ్చ కోటు చివరి కొక్కేనికి ఉంది. తెల్ల బొత్తం ఊడబోతుంటే ఎవరో మళ్ళీ గట్టిగా కుట్టారు. చీటీ మీద ‘కోపంగా ఇచ్చినది. గడువు: అడిగేదాకా’ అని ఉంది.

“ఏడాది వాడనివి ఇచ్చెయ్యాలన్నది నువ్వేగా అత్తయ్యా” అంది మేనకోడలు.

“వాడనివి వేరు, కోపంతోనో ఏడుపుతోనో ఇచ్చినవి వేరు. వాడనివి ఎప్పటికప్పుడు కావలసినవాళ్ళకి ఇచ్చేస్తాను. లైబ్రరీలో కూడా కొందరు పుస్తకం బల్ల మీద పడేసి, ఇంక చదవనని వెళ్ళిపోయేవాళ్ళు. వాటిని ర్యాకులో పెట్టేదాన్ని కాదు, నా సొరుగులో దాచేదాన్ని. నాలుగు రోజులకి మొహం చిన్నబుచ్చుకుని వచ్చి అడిగేవాళ్ళు.”

“ఎప్పటికీ అడక్కపోతే?”

“ఏముంది. మీ మావయ్య చొక్కాలు మేకు మీద ఉంటాయి, అంతేగా.”

మావయ్య తల ఊపాడు. మేనకోడలు ఇన్నాళ్ళూ నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అత్తయ్య చీటీ మీద సంతకం పెట్టించుకుని, ముద్ర వేసి, కోటు చేతికిచ్చింది. తడపడానికే కాబట్టి ఇస్త్రీ చెయ్యలేదని సంజాయిషీ కూడా ఇచ్చింది.

ఆదివారం రైలు దిగిన చెల్లెలు ముందు అక్క మొహం చూడలేదు, కోటు చూసింది. తెల్ల బొత్తాన్ని వేలితో తడిమింది. ఇద్దరికీ ఇప్పుడు ఆ చేతులు మోచేతి దాకా కూడా ఎక్కలేదు. కోటును నెత్తిమీద కప్పుకుని, చెరో అంచూ పట్టుకుని నడిచారు. ఎవరి కాలు ముందుకెయ్యాలో చిన్నప్పుడు పోట్లాడుకున్నట్టే పోట్లాడుకున్నారు. ఇంటికి చేరేసరికి నిలువునా తడిసిపోయారు.

బట్టలు మార్చుకోవడానికి పడకగదిలోకి వెళ్ళిన చెల్లెలు అమ్మ బీరువా ముందు ఆగిపోయింది. తలుపు మీద చెయ్యి వేసి తెరవనా అని అడిగింది. తెరువు అని అక్క అంది. తలుపులు రెండూ కిర్రుమన్నాయి. మధ్య అర ఖాళీగా ఉంది.

“రిజర్వు అని ఉందేంటక్కా? ఎవరికోసం?”

రెండేళ్ళు తిట్టుకున్న ఆ చీటీ కేసి మేనకోడలు చూసింది. అప్పటికిగాని ఆమెకు అర్థం కాలేదు. రోజూ పదిమందికి చూపు పరీక్ష చేసే తన మీద తనకే నవ్వొచ్చింది.

“నీకోసమే. ఎప్పుడో అంటించారు” అంది.

చెల్లెలు తడి జుట్టు వెనక్కి తోసుకుంది. సంచీ విప్పి, పొడిగా మిగిలిన నాలుగు బట్టలూ ఆ అరలో ఒక్కొక్కటే పేర్చింది. బీరువా తాళం నీ దగ్గరే ఉండనీ, అర మాత్రం నాది అంది. అక్క సరేనంది. తగువు అంతటితో తీరిపోయింది.

సోమవారం ఇద్దరూ కలిసి అత్తయ్య ఇంటికి వెళ్ళారు. గోడంత బీరువా తెరిచే ఉంది. ఆకుపచ్చ కోటు ఖాళీ చేసిన కొక్కేనికి మావయ్య నీలం చొక్కా హ్యాంగరు మీద ఠీవిగా వేళ్ళాడుతోంది. పదకొండేళ్ళకు దానికి చోటు దొరికింది. మావయ్య పక్కనే కుర్చీ వేసుకుని, గడియారాలు మానేసి దాన్నే చూస్తున్నాడు. చొక్కాకు చీటీ కూడా ఉంది. ‘తాత్కాలికం’ అని రాసి ఉంది.

ఇంతలో ఫోన్ మోగింది. అత్తయ్య విని, పెట్టేసి, జిగురు సీసా వెతుక్కుంటూ చెప్పింది. బ్యాంకు గుమాస్తా ఇంట్లో మొగుడూ పెళ్ళాం మూడు రోజులుగా మాట్లాడుకోవడం లేదట, ఆవిడ ఉన్నపళంగా వచ్చి బీరువా సర్దమంటోందట.

మావయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి, హ్యాంగరు మీంచి నీలం చొక్కా తీసి, తలుపు వెనక మేకుకు తగిలించి, కాలరు చక్కగా సర్దాడు. తరవాత అత్తయ్య సంచీ దులిపి ఆమె చేతికిచ్చాడు.