అడగని బొమ్మలు వేసే బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. బోర్డు రాయమంటే రాసి ఊరుకోడు, కింద అడగని బొమ్మ ఒకటి వేస్తాడు. అది చూసి వీధంతా నవ్వుతుంది, బోర్డు రాయించినవాడు తప్ప.

ఒకసారి నీళ్ళ ఆఫీసువాళ్ళు "నీటిని వృథా చేయకండి" అని ఒక గోడ మీద రాయమన్నారు. ఆ వీధికి నీళ్ళొచ్చేది మూడు రోజులకోసారి. బాబాయి అక్షరాలు ముత్యాల్లా రాసి, కింద ఆఫీసరుగారు తన కారుకి తలంటు పోస్తున్నట్టూ, వెనకాల వంద బిందెలు వరసలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నట్టూ వేశాడు.

ఆఫీసరు పరుగున వచ్చాడు.

"ఎవరయ్యా ఈ బొమ్మ వెయ్యమన్నది?"

"ఎవరూ అనలేదండీ. నా చేతికి దురద. అక్షరాలు నేను రాస్తాను, బొమ్మలు అది వేసుకుంటుంది."

"అది వేస్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

"చూస్తున్నానండీ. పోలిక బాగా కుదురుతోంది కదా అని ఆపలేదు."

మా పిన్ని విసిగిపోయి, "ఆ చేతిని వేరే కాపురం పెట్టుకోమనండి" అనేది.

ఇలాంటి మనిషిని మా అపార్టుమెంటుకి తీసుకొచ్చింది నేనే. మా సంఘం అధ్యక్షులవారు లిఫ్టు పక్కన "పనివాళ్ళు లిఫ్టు ఎక్కరాదు" అని బోర్డు పెట్టాలన్నారు. మీటింగులో ఎవరమూ నోరెత్తలేదు. నేనైతే ఒకడుగు ముందుకేసి, "మా బాబాయి చక్కగా రాస్తాడండీ" అన్నాను.

రాసే ముందు బాబాయిని పక్కకి పిలిచాను.

"బాబాయ్, అక్షరాలొక్కటే. ఒక్క గీత ఎక్కువైనా నేను ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తుంది."

"నాదేముందమ్మా, దానికి చెప్పు" అని కుడిచెయ్యి చాపాడు.

సిగ్గు విడిచి దానికీ చెప్పాను. అది వినలేదు.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర జనం. బొమ్మలో అధ్యక్షులవారి కుక్క లిఫ్టులో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. దాని గొలుసు తలుపు సందులోంచి బయటికొచ్చి, మెట్ల మీదుగా అయిదంతస్తులూ పాకింది. ఆ చివర గొలుసు పట్టుకుని పనమ్మాయి రొప్పుతూ ఎక్కుతోంది. కుక్కకి మీసాలున్నాయి. ఎవరివో చెప్పనక్కర్లేదు.

"ఇది నీ బుర్రలో పుట్టింది కాదు!" అని అధ్యక్షులవారు రంకెలేశారు. "పనివాళ్ళలో ఎవరో నూరిపోశారు. పేరు చెప్పు, ఈ పూటే పంపించేస్తాను!"

"పేరంటే... కుడిచెయ్యండీ" అన్నాడు బాబాయి.

"పిచ్చిమాలోకం!" అని తిట్టి, ఆయన దగ్గరుండి బొమ్మ తుడిపించారు. కానీ అప్పటికే అందరూ చూసేశారు. ఆయన లిఫ్టు దగ్గర కనబడితే చాలు, "గొలుసుకి మీరు ఏ వైపు సార్?" అని పలకరింపులు. వారం తిరక్కుండా బోర్డు ఊడింది.

నా పరువు తీశాడని పోట్లాడడానికి బాబాయి దుకాణానికి వెళ్ళాను. మా అపార్టుమెంటు వంటావిడ అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గాభరాగా లేచింది.

"ఈయన్నేమీ అనకండమ్మా. నాలుగో అంతస్తు ఎక్కలేక మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెప్పుకుంది నేనే. ఆ గొలుసు ఆలోచన కూడా నాదే."

నేను బాబాయి వైపు తిరిగాను. "మరి కారు తలంటో?"

"ఆ వీధిలో ఇస్త్రీ చేసే అతనిది" అన్నాడు తల గోక్కుంటూ. "ఒక్కటీ నా సొంతం కాదమ్మా, నాకంత బుర్రెక్కడిది? వాళ్ళు నోరు తెరిస్తే పని పోతుంది. నాకేం పోతుంది? పిచ్చోడంటారు. అది మీ పిన్ని రోజూ అంటూనే ఉంది."

పోట్లాట పక్కన పెట్టి, వీధిలోకి అటూ ఇటూ చూసి, వంటావిడ పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బాబాయ్" అన్నాను గొంతు తగ్గించి, "మా ఆఫీసులో ఆఫీసర్లు ముగ్గురికీ ఒక బాత్రూము, మిగతా నలభైమందికీ కలిపి ఒకటి."

బాబాయి చెవి మీది పెన్సిలు తీశాడు.

"ఎదురుగా గోడేమైనా ఉందా?"