పచ్చసిరా డిప్లొమాలు

ఇరవైనాలుగు మంది బంగారంలాంటి పిల్లలకు ఒక్క పూటలో మీసాలు మొలిపించిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఆ పిల్లల తల్లుల్లో ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం దయచేసి ఇక్కడితో ఆపేయండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కాకినాడ నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న నటన శిక్షణ సంస్థలో ఉచ్చారణ నేర్పేవాణ్ణి. 'ళ' పలకలేని వాళ్ల చేత 'ళ' పలికించడం నా ఉద్యోగం. ఎవరూ అడక్కపోయినా ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం నా జబ్బు.

డిప్లొమాలు ఇచ్చే రోజు వచ్చింది. ముఖ్య అతిథి పేరున్న దర్శకుడు. ఆయన కొత్త ముఖాల కోసం చూస్తున్నాడని తెలిసి పిల్లలకు ముందురోజు నుంచే అన్నం సయించలేదు. మా ప్రిన్సిపల్ సూర్యంగారు లావుపాటి పాళీ పెన్నుతో, పచ్చసిరా ఒలకబోస్తూ అన్ని డిప్లొమాల మీదా కుడివైపు కింద సంతకాలు చేశారు. సంతకమంటే సంతకం కాదు, జిలేబీ చుట్టినట్టుండేది. ఎడమవైపు కింద పిల్లల ఫొటోలు. "వీటిని కవర్లలో పెట్టించవయ్యా" అని నాకు అప్పగించి, ఆయన అతిథికి ఎదురెళ్లారు.

ఆఫీసు పనులు చూసే యాదగిరన్నది బోరబండ. కవర్లు తెచ్చేసరికి నేను మొదటి డిప్లొమాను నిలువునా సగానికి మడుస్తున్నాను.

"అరె, గదేంది సార్! మడుస్తున్రు?"

"అన్నా, డిప్లొమా అంటే అర్థమేంటో తెలుసా?"

"గోడకు మేకు కొట్టి తగిలేసేది."

"కాదు! అది గ్రీకు మాట. రెండుగా మడిచింది అని అర్థం. పూర్వం అధికార పత్రాలు అలా మడిచే ఇచ్చేవాళ్లు. మడత లేకపోతే అది డిప్లొమానే కాదు!"

"మడుద్దురుగానీ, సిరా పచ్చిగున్నట్టుంది. జర ఆగుండ్రి."

"పచ్చసిరా కదన్నా, పచ్చిగానే కనిపిస్తుంది" అన్నాను. (ఈ చమత్కారానికి నేనొక్కణ్ణే నవ్వాను.)

ఇరవైనాలుగూ మడిచాను. మడత బాగా కూర్చోవాలని స్కేలుతో గట్టిగా రుద్దాను కూడా.

సభ మొదలైంది. దర్శకుడు "లావణ్య!" అని పిలిచాడు. యూసుఫ్‌గూడ అమ్మాయి సిగ్గుపడుతూ వేదికెక్కింది. ఆయన కవరులోంచి డిప్లొమా తీసి, తెరిచి, ఫొటో వంకా అమ్మాయి వంకా మార్చి మార్చి చూశాడు.

"మీ అన్నయ్య బదులు వచ్చావామ్మా?"

ఫొటోలో లావణ్య ముక్కు కింద, చెంపల దాకా మెలితిరిగిన పచ్చటి మీసం! సూర్యంగారి సంతకం తిరగబడి సరిగ్గా అక్కడ అచ్చు పడింది.

ముందు వరుసలోంచి వాళ్లమ్మ లేచింది. "ఏంది సార్ గిది! మా బిడ్డకు మీసాలు వెట్టిండ్రు? దానికి సంబంధాలు చూస్తున్నం!"

రెండో కవరులో అబ్బాయికి ఉన్న మీసం మీద ఇంకో మీసం. మూడోది నేను కాస్త వంకరగా మడిచినట్టున్నాను, ఆ అమ్మాయికి ఏకంగా గడ్డమే.

"ఎవడయ్యా వీటిని మడిచింది?" అన్నారు సూర్యంగారు.

"అది కాదండీ... గ్రీకు భాషలో డిప్లొమా అంటే..."

"గ్రీకులు సిరా ఆరాక మడిచుంటారయ్యా!"

హాలంతా విరగబడి నవ్వింది. నవ్వనిది ఇద్దరమే: నేనూ, లావణ్య వాళ్లమ్మా.

ఉద్యోగం ఊడలేదు గానీ, కొత్త డిప్లొమాలు ఇంటింటికీ వెళ్లి ఇచ్చి, క్షమాపణ చెప్పి రావాలని శిక్ష పడింది. వారం తర్వాత యూసుఫ్‌గూడ వెళ్లి, లావణ్య వాళ్లమ్మకు కొత్తది అందించాను. ఆవిడ దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"గిది మాకొద్దు సార్. పాతదే ఇయ్యుండ్రి."

"అదేంటమ్మా, దాంట్లో మీసం..."

"గా మీసం జూసే గా డైరెక్టర్ సారు మా బిడ్డకు మగవేషం ఇచ్చిండు!"

అందుచేత ఈ పాఠకలోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మాట ఏ దేశంలో పుట్టినా సరే, సిరా ఆరేదాకా దాని అర్థం చెప్పను. ఆరాక చెప్పినా, చేతులు మాత్రం జేబుల్లోనే పెట్టుకుంటాను.