హార్డ్ డిస్కుకు ఆయుధపూజ

మా వంశానికి ఒక కత్తి ఉండేది. అది ఎవరినైనా నరికినట్టు దాఖలా లేదు కానీ, ప్రతి దసరాకీ దానికి పూజ జరిగేది. శ్రీకాకుళం వైపు మా తాతగారికి కొన్ని ఊళ్ళు ఉన్న రోజుల్లో ఆ కత్తి ఎర్ర పట్టుగుడ్డ మీద పడుకునేది. ఊళ్ళు పోయాయి, గుర్రాలు పోయాయి, పట్టుగుడ్డ చిరిగిపోయింది. నాన్నగారు ఉద్యోగానికి రాయపూర్ వచ్చినప్పుడు కత్తి కూడా రైలెక్కింది. ఇక్కడ ఒకానొక కష్టకాలంలో అదీ గడప దాటింది. ఎలా దాటిందో మా ఇంట్లో మాట్లాడుకోం. ఒర మాత్రం మిగిలింది. మా మేనత్త దానిలో అగరొత్తులు దాచుకుంటుంది.

రాయపూర్ పండరీ బజారులో ఒక బట్టల దుకాణం మీద వాటాలో అద్దెకుంటున్నా మా ఇంటి మర్యాదలకు లోటు రానివ్వలేదు. తాతగారి పటం గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. ఆ గుమ్మం ఎత్తు తక్కువ. అందువల్ల లోపలికొచ్చే ప్రతివాడూ, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చేవాడితో సహా, తాతగారికి తల వంచే వస్తాడు. ఇంటి యజమాని గుమ్మం ఎత్తు పెంచుతానంటే నేనే వద్దన్నాను.

ఊళ్ళూ కత్తీ పోయాక మాకు మిగిలిన ఆస్తి రెండు గొంతులు. ఒకటి తాతగారిది. సభల్లో ఆయన చేసిన ప్రసంగాలు క్యాసెట్లలో ఉండేవి. రెండోది నాయనమ్మది. మా అక్క పెళ్ళిలో ఆవిడ పాడిన అప్పగింతల పాటను నాన్నగారు టేప్‌రికార్డర్‌లో పట్టారు. ఆవిడ పోయిన తరవాత మా ఇంట్లో ఒక ఆచారం ఏర్పడింది. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తవారికి అప్పగించే వేళకు ఆ పాట పెట్టాలి. నాయనమ్మ గొంతు వినిపించనిదే మా ఇంటి పిల్ల గుమ్మం దాటదు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో ఇవన్నీ సీడీల్లోకి ఎక్కించాం. పాట మధ్యలో నాయనమ్మ ఆగి వంటవాళ్ళతో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడిన మాటలు, గిన్నెల చప్పుళ్ళు తీసేయమని దుకాణంవాడికి చెప్పాను. ప్రభువుల ఇంటి పాటలో వంటింటి ప్రస్తావన ఎందుకు? కొన్ని వానాకాలాలకు సీడీలకు బూజు పట్టింది. తాతగారి క్యాసెట్లు అప్పటికే చెమ్మకు జిగురుముద్దలయ్యాయి. నశించకముందే సీడీల్లో ఉన్నదంతా ఒక హార్డ్ డిస్కులోకి మార్పించాను. నల్లగా, బరువుగా, ఏమీ మాట్లాడకుండా ఉండేది. మా వంశానికి తగిన వస్తువే అనిపించింది.

"ఇంకో కాపీ ఎవరి దగ్గరైనా ఉందా?" అని బంధువుల ఫోన్ గ్రూపులో అడిగితే అందరూ "ఉంది, ఉంది" అన్నారు. విశాఖలో ఉన్నవాళ్ళు బరంపురంలో ఉందన్నారు. బరంపురం వాళ్ళు రాయపూర్‌లో ఉందన్నారు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం మా వంశంలో ఆస్తి పంపకాలప్పుడు కూడా చూడలేదు.

ఆ రోజుల్లోనే నగరంలో ఒక గ్రంథాలయం వారు పాత పాటలు, ఫొటోలు, మాటలు ఏ భాషవైనా తెస్తే కంప్యూటర్‌లో భద్రపరుస్తామన్నారు. ఆ విభాగాన్ని ప్రారంభించిన పెద్దమనిషి స్కానర్ మీద కొబ్బరికాయ కొట్టబోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారట. నేను తాతగారి ప్రసంగాలు ఇద్దామని వెళ్ళాను. ఆ విభాగం చూసే అమ్మాయి మన తెలుగమ్మాయే. కాకినాడ వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పుట్టి పెరిగింది ఇక్కడే.

"బైఠియే అంకుల్, కూర్చోండి," అంది.

నన్ను ఈ నగరంలో తెలుగువాళ్ళెవరూ అంకుల్ అనలేదు. నిలబడే మాట్లాడాను. తాతగారి పేరు ముందు ఆయన బిరుదులన్నీ వరసగా వేయాలన్నాను.

"వేద్దాం. ఏ వరసలోనో మీవాళ్ళందరూ కలిసి చెప్పండి. ఆడవాళ్ళ పాటలేమైనా ఉన్నాయా మీ ఇంట్లో?"

ఉన్నాయన్నాను, అదేమంత విషయం కానట్టు. మర్నాడు, చెమ్మ తగలకుండా మిగిలిన నాయనమ్మ పాత క్యాసెట్టే పంపించాను. దానికి బిరుదులు లేవు కాబట్టి బంధువులెవరూ అడ్డుచెప్పలేదు. తాతగారి బిరుదుల వరస గురించి గ్రూపులో చర్చ మొదలైంది. ఏది ముందు, ఏది వెనక అన్నది తేలలేదు. తేలాక ఇద్దామనుకున్నాం.

తరవాత ఒకసారి వెళ్ళి చూస్తే, కంప్యూటర్ తెర మీద నాయనమ్మ పాట కింద 'పెళ్ళి పాట, పాడినవారు ఇంటి పెద్దావిడ' అని వివరం ఉంది. పేరు, ఊరు, సందర్భం అన్నీ రాశారు. మా తాతగారి సంస్థానం మాట మాత్రం లేదు. "ఇక ఈ మెట్లు ఎక్కను," అని చెప్పి వచ్చేశాను.

"లిఫ్టుంది అంకుల్," అంది వెనకనుంచి.

ఆ తరవాత ఒక దసరా వచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి పూజ అయిపోయింది. పీట మీద, ఒకప్పుడు కత్తి ఉండే చోట, హార్డ్ డిస్కు ఉంది. ముఖమంతా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, మీద అక్షింతలు. అత్త కలశంలో మామిడాకు ముంచి దాని మీద మరోసారి నీళ్ళు చల్లుతోంది.

"అత్తా, ఏమిటిది?"

"వంశమంతా ఇందులోనే ఉందన్నావు కదరా. కత్తి నేదు, మరి దేనికి చేస్తాం? స్నానం చేయించీసి, బొట్టెట్టీసేను."

వంశానికి అభ్యంగనం పూర్తయింది. కంప్యూటర్‌కు తగిలిస్తే ఒకసారి కీచుమని ఊరుకుంది. రిపేర్ దుకాణంవాడు దాన్ని విప్పి, వేలికి అంటిన పసుపు వాసన చూసి, "సాబ్, ఇస్‌కో బనానా హై, యా సబ్జీ బనానీ హై?" అన్నాడు. దీన్ని బాగు చేయాలా, దీంతో కూర వండాలా అని. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. చలికాలంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి ఉంది.

గ్రూపులో అడిగాను. "పైకి జరుపుకుంటూ వెళ్ళండి, ఎక్కడో ఉంటుంది," అన్నారు. పైకి జరుపుకుంటూ వెళ్ళాను. శుభోదయాలు, రోజాపూలు, బిరుదుల చర్చ ఉన్నాయి. నాయనమ్మ లేదు.

పెళ్ళికూతురు సర్దిచెప్పబోయింది. "పోనీలే బాబాయ్. ఇంటర్నెట్‌లో అప్పగింతల పాటలు బోలెడున్నాయి."

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. "బోలెడమంది అమ్మలు కూడా ఉన్నారు. మీ అమ్మ బదులు ఎవర్తినో ఒకర్తిని కూచోబెట్టీమంటావేటి?" అంది. తన చేత్తోనే తల్లి గొంతు పోగొట్టానన్న మాట ఆవిడ పైకి అనలేదు. పూజ గదిలోకి వెళ్ళడం మానేసింది. అగరొత్తుల ఒర మూలకు చేరింది. చివరికి ఒకరోజు నాకేసి చూడకుండా అడిగింది.

"ఆ లైబ్రరీలో ఇచ్చేవు కదా?"

"సర్కారు వాళ్ళు అన్నాళ్ళు ఉంచుతారా? అయినా నేనక్కడ మెట్లెక్కనని చెప్పాను."

"ఏడు తరాల బిగువూ నీ ఒక్కడి నడుంలోకే వచ్చీసిందేటి? నువ్వెల్లకపోతే నేనే ఎల్తాను, చెయ్యి పట్టుకుని ఎక్కించు."

ఇద్దరం వెళ్ళాం. లిఫ్టు పనిచేయడం లేదు. అత్త నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది కాబట్టి నేనూ తల వంచే ఎక్కాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి నన్ను చూసి మెట్ల మాట గుర్తుచేయలేదు. విషయం విని అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో వెతికింది. పాడిన ఊరు, సందర్భం కొట్టగానే దొరికింది.

"ఇన్నాళ్ళూ ఎలా ఉంది?" అన్నాను.

"ఒకే చోట పెట్టం అంకుల్. ఇక్కడొకటి, వేరే బిల్డింగ్‌లో ఒకటి, ఇంకో ఊళ్ళో ఒకటి. అప్పుడప్పుడు తెరిచి చూస్తాం, పాతబడితే కొత్తదాంట్లోకి మారుస్తాం. ఎవరు, ఎక్కడ, ఎందుకు పాడారో రాసి పెడతాం. వో నహీ లిఖా తో, అది రాయకపోతే, వందేళ్ళు దాచినా ఎవరిదో గొంతే కదా." అత్త వైపు తిరిగి, "పూజ మాత్రం చేయం అమ్మమ్మా," అంది.

అత్త మొదటిసారి నవ్వింది.

పాట మొదలైంది. కొంతసేపటికి, నేను సీడీలో కత్తిరించిన చోటికి వచ్చేసరికి, నాయనమ్మ ఆగింది. "అమ్మీ, ఆ పాలగిన్నె ఇలా తే. పిల్లి చూస్తంది." వెంటనే ఒక సన్నటి గొంతు, "తెస్తన్నానమ్మా," అంది.

అత్త కుర్చీ చేతులు పట్టుకుంది. "అది నేనేరా. నాకలాటి గొంతుండేదేటి?"

"ఈ మాటలు తీసేయకుండా ఉంచారే?" అన్నాను.

"తీసేయడం మీ పని అంకుల్. రఖ్నా హమారా కామ్ హై, ఉంచడం మా పని."

నేను నిలబడే ఉన్నాను. ఆ అమ్మాయి కుర్చీ నా వెనక్కి జరిపింది. కూర్చున్నాను. మా వంశం గర్వపడ్డవన్నీ మా చేతుల్లోనే పోయాయి. సిగ్గుపడి కత్తిరించింది ఒక్కటే, ఎవరో జీతానికి పనిచేసే మనిషి శ్రద్ధవల్ల మిగిలింది. మ్యూజియంలో కత్తి పెట్టడానికి అద్దాల పెట్టె చాలు. గొంతు నిలవాలంటే ఏటేటా దాన్ని పలకరించే మనిషి కావాలి. ఆ మనిషికి జీతమిచ్చే గ్రంథాలయం కావాలి.

నగరం బయట మందిర్ హసౌద్ దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి చేతులు పాలలో ఉండగా నాయనమ్మ హాలంతా పాడింది. పిల్లి వచ్చింది, పాలగిన్నె వచ్చింది. ఆ తరవాత, మేం మరిచిపోయిన, గ్రంథాలయంలో అంతదాకా వినని ఇంకో మాట కూడా స్పీకర్లలోంచి వచ్చింది. "ముందు మగపెళ్ళివారికి వడ్డించీయండే. ఆ మొహాలు చూడండి, నిన్నట్నించి తిండి తిన్నట్టు లేరు."

తలలన్నీ మగపెళ్ళివారి వైపు తిరిగాయి. మా వియ్యంకుడు భిలాయిలో పనిచేసే తెలంగాణ మనిషి. చేతిలోని పకోడీ కిందపెట్టి, "బావగారూ, గా పెద్దమ్మ మమ్ముల ఎప్పుడు సూసిన్రు?" అన్నాడు. ముందు వాళ్ళవైపే నవ్వు లేచింది. ఆ నవ్వులోనే నాయనమ్మ ఆపిన చోటునుంచి పాట అందుకుంది. అత్త పిల్ల చేతులు పట్టుకుని వాళ్ళ చేతుల్లో పెట్టింది.

తాతగారి ప్రసంగాలు ఇక లేవు. బిరుదుల వరస మీద చర్చ మాత్రం గ్రూపులో ఇంకా నడుస్తోంది. మొన్ననే బరంపురం వాళ్ళు కొంత మెత్తబడ్డారు.

పెళ్ళయ్యాక అత్త తనంతట తానే గ్రంథాలయానికి బయల్దేరింది. తనకు తెలిసిన పాటలన్నీ మైకు ముందు పాడింది. నేను పక్కన నిటారుగా నిలబడ్డాను. ఎంత ఆపుకున్నా ఒకచోట దగ్గు వచ్చింది. అది తీసేయమని ఆ అమ్మాయిని ఒకటికి రెండుసార్లు అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఆ విధంగా మా వంశంలో ఈ తరం మగవాళ్ళ నుంచి భావితరాలకు భద్రంగా చేరబోతున్నది ఆ దగ్గు ఒక్కటే.