దొర తల ఒళ్లో పెట్టుకున్న అవ్వ

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ఒకసారి మా ఆఫీసు రికార్డు రూములో తెల్లచీర ఆడుతోందని అందరూ బయటికి పరుగెత్తితే, లోపలికి పోయి చూసింది నేనే. ఫ్యాను గాలికి పాత కర్టెను ఊగుతా ఉంది. అట్లాంటి నేను ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది. నాకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. నేను చెప్తుంటే నా మేనకోడలు రాస్తా ఉంది.

మాది పుదుచ్చేరిలో నెల్లితోపు. పోయినేడు వానలు తగ్గినాక మా వీధిలోకి ఒక గోధుమరంగు కుక్క వచ్చింది. యాడ నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. ఎడమ చెవి వెనక పెద్ద పుండు. దగ్గరికి పోతే వాసన. పుండులో పురుగులు కదుల్తా ఉన్నాయి.

ఫోన్లో ఫొటో తీసుకొని పశువుల డాక్టరమ్మకు చూపించినాను. దాన్ని పట్టి తీసుకురాగలిగితే మంచిదనింది. లేకపోతే పుండు కడిగి, మందు స్ప్రే కొట్టి, పురుగుల్ని తీసెయ్యమనింది. వరసగా మూడు రోజులు చెయ్యాల. ఆలస్యమైతే పురుగులు చెవిలోపలికి పోతాయి, ఇక బతకడం కష్టం అని కూడా చెప్పింది.

ఆ కుక్కేమో మనిషి నీడ పడితేనే పారిపోతుంది. నేనూ, ఎదురింటి ఆటో సెల్వం అన్నా రెండు రోజులు దాని ఎనక తిరిగినాం. కోడి కార్జం ఉడకేసి పెడితే కార్జం తినేసి పరుగెత్తింది. సెల్వం అన్నకు కుక్కలంటే చచ్చేంత భయం. అయినా వచ్చినాడు, కొడుకు హెల్మెట్ నెత్తికి పెట్టుకొని.

"అన్నా, కుక్క కరిస్తే కాలు కరుస్తుంది గానీ తల కరుస్తుందా?" అన్నాను.

"కాలికి ప్యాంటుంది వసంతా. మొహానికి ఏముంది?" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఏడు గంటలకు మా గేటు మెట్టు మీద ఒక అవ్వ కూర్చోనుంది. ఆకుపచ్చ చీర. ముక్కుకు రెండు పక్కలా పుడకలు. నన్ను చూసి, "మందు యాడమ్మా?" అనింది, అచ్చం మా ఇంటి తెలుగులో. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే.

నేను మందు తెచ్చేసరికి అవ్వ వీధిలోకి చూసి "దొరా" అని పిలిచింది. గట్టిగా కూడా పిలవలా. ఆ కుక్క యాడో బండి కింద నుంచి తోక ఊపుకుంటా వచ్చి అవ్వ ఒళ్లో తల పెట్టింది.

చేతులకు గ్లవుజులేసుకొని నేను పుండు కడిగినాను. స్ప్రే కొట్టి, ఒక్కొక్క పురుగునే తీసినాను. దొర మూలిగింది గానీ పళ్లు చూపించలా. అవ్వ దాని గొంతు నిమురుతానే తిడతా ఉంది. "నా ఎనక రావద్దంటే ఇన్నావా తిరుగుబోతోడా?" అనింది. సెల్వం అన్న హెల్మెట్ చూసి మాత్రం పకపకా నవ్వింది.

మూడు పొద్దులూ అంతే. కాఫీ తెద్దామని నేను లోపలికి పోయి వచ్చేలోపల అవ్వ వెళ్లిపోయేది. చెయ్యి కడుక్కొని తిరిగేసరికి లేదని సెల్వం అన్న అనేవాడు. ఆఖరి రోజు ముందే అడిగినాను, ఏ ఊరు అవ్వా అని. వీరాంపట్టినం, అమ్మవారి గుడి ఎనక వీధి అనింది. సముద్రం ఒడ్డు ఊరది, మాకు ఆరేడు కిలోమీటర్లుంటుంది.

రెండు వారాలకు పుండు మానింది. దొర నా చెయ్యి నాకేదాకా వచ్చింది. అవ్వకు చూపిద్దామని ఒక ఆదివారం మధ్యాన్నం సెల్వం అన్న ఆటోలో ముగ్గురం బయల్దేరినాం.

తెలుగు మాట్లాడే అవ్వ అని అడగ్గానే ఇల్లు చూపించినారు. ఆటో ఆగకముందే దొర దూకి ఇంట్లోకి పరుగెత్తింది. అవ్వ కోడలు బయటికొచ్చి ఏడుపూ నవ్వూ కలిపి మాట్లాడింది. మూడు నెలల కిందట అత్తను ఆస్పత్రికి తీసుకుపోతుంటే దొర ఆ బండి ఎనక పరుగెత్తిందంట. మళ్లా ఇంటికి రాలేదంట.

"ఆస్పత్రికి ఎందుకు?" అన్నాను.

"తుంటి ఎముక విరిగింది అక్కా. అప్పట్నుంచి మంచం దిగలా. పక్కకు తిప్పాలన్నా మేమే తిప్పాల."

పోయిన నెల మా ఇంటికి మూడు రోజులు వచ్చింది కదా అంటే, ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవుర్ని చూసి ఎవురనుకున్నారో" అనింది. గోడకు మేకు కొట్టి ఎక్స్‌రే కవరు తగిలించినారు. దాని మీద మూడు నెలల కిందటి తేదీ ఉంది.

లోపల మంచం మీద అదే అవ్వ. అవే రెండు పుడకలు. దొర మంచమెక్కి మొహమంతా నాకుతా ఉంది. అవ్వ దాని చెవి తిప్పి చూసి, "బాగా మానిందే" అనింది. తర్వాత నా ఎనక నిలబడిన సెల్వం అన్నను చూసింది.

"ఏంది నాయనా, ఈ పొద్దు నెత్తికి అది పెట్టుకోలా?"

సెల్వం అన్న రెండు చేతుల్తో నెత్తి తడుముకున్నాడు.

అవ్వకు అక్కచెల్లెళ్లు లేరు. ఆ ఇంట్లో ఎవరికీ మేం తెలీదు. మా వీధి వాళ్లకు వాళ్లు తెలీదు. హెల్మెట్ సంగతి మార్కెట్లో ఎవరైనా మోసుకుపోయి ఉంటారా అని కూడా ఆలోచించినాను. మోసుకుపోయినా, మా మెట్టు మీద కూర్చున్నది ఎవరు?

డాక్టరు లేచి నడవమన్నా, పడిపోతానన్న భయంతో అవ్వ అన్నాళ్లూ కాలు కింద పెట్టలేదంట. దొర ఇంటికొచ్చిన వారానికి వాకర్ పట్టుకొని వాకిలిదాకా వచ్చింది, వాడికి అన్నం తన చేత్తోనే పెట్టాలని. సెల్వం అన్న ఇప్పుడు ఆటో స్టాండులో రెండు కుక్కలకు పొద్దున్నే బన్ను పెడతాడు. హెల్మెట్ లేకుండానే.

వీలైన ఆదివారమల్లా నేను వీరాంపట్టినం పోతా ఉంటాను. ఒకసారి ఉండబట్టలేక అడిగేసినాను. "ఆ మూడు రోజులూ నెల్లితోపుకు ఎట్ల వచ్చినావవ్వా?"

అవ్వ దొరకు చేప ముళ్లు తీసి అన్నం కలుపుతా ఉంది. తలెత్తలా.

"నడిచే వచ్చినా. బస్సెక్కితే నాకు తల తిరుగుతుంది" అనింది.