ఆయా చెప్పే ధైర్యం

చిలకలూరిపేటలో డాక్టర్ శ్రీమన్నారాయణ గారికి ఒకటే భయం. చావు తన నర్సింగ్‌హోమ్‌లో జరగకూడదు, జరిగితే పేరు పోతుంది. ఇక లాభం లేదనుకున్న రోగిని గుంటూరు పెద్దాసుపత్రికి రాసేసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. బయట ఏడుస్తున్న మనుషులకు చెప్పాల్సింది ఆయా కోటిరత్నం.

"గుంటూరు తీసుకెళ్ళండమ్మా. అక్కడ మిషన్లున్నాయి. తప్పకుండా బతుకుతాడు."

ఆయన నేర్పిన మాటలే ఇవి. పాపం, చెవికమ్మలు కుదువబెట్టి మరీ బయల్దేరేవాళ్ళు. చాలామంది దోవలో యడ్లపాడు దాటకముందే శవంతో వెనక్కి తిరిగేవాళ్ళు. కోలుకుని వచ్చినవాణ్ణి కోటిరత్నం ఒక్కణ్ణీ చూడలేదు. మొదట్లో ఆమెకు అన్నం సహించేది కాదు. తర్వాత అలవాటైపోయింది. ఆమెను తిట్టాలో జాలిపడాలో నాకిప్పటికీ తేలదు. ఆయన్ని మాత్రం తిట్టాల్సిందే.

పచ్చపురుగు పత్తిని ఊడ్చేసిన ఏడాది, ఆమె భర్త యలమందయ్య మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. నోటెంట నురగ. ఆమె పనిచేసే నర్సింగ్‌హోమ్‌కే మోసుకొచ్చారు. ఇంజెక్షన్లు చేసినా ఊపిరి అందడం లేదు. ఆరోజు డాక్టరుగారే బయటికొచ్చారు.

"గుంటూరు తీసుకెళ్ళు కోటిరత్నం. ఊపిరాడించే మిషను అక్కడుంది. బతుకుతాడు."

తన నోట పలికించిన మాటలే తనకూ చెబుతున్నాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కారు నడిపే గౌస్ బాషా అడిగాడు.

"గుంటూరేగా అక్కా?"

"ఊళ్ళోకి పోనీయ్ బాషా. దోవలో పోయేకంటే ఇంట్లోనే పోనీ."

పొద్దుగూకకముందే యలమందయ్య పోయాడు.

ఇల్లు గడవాలి గనక, పెద్దకర్మ కాగానే పనిలోకి వచ్చింది. ఆ వారంలోనే శివనాగరాజనే కౌలురైతును తెచ్చారు. అతనూ మందు కొడుతూ పడిపోయినవాడే. డాక్టరుగారు గుంటూరు రాశారు. కోటిరత్నం నేలచూపులు చూస్తూ ఆ మాటలే అప్పజెప్పింది. అతని పెళ్ళాం నమ్మింది, తీసుకెళ్ళింది.

నెల తిరక్కుండా శివనాగరాజు అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు.

"నీ మాట నమ్మే పోయామమ్మా. మిషను పెట్టారు. బతికొచ్చా."

భర్త పోయిననాడు కూడా కోటిరత్నం అలా ఏడవలేదు. నర్సింగ్‌హోమ్ అంతా అక్కడికి చేరింది. డాక్టరుగారు గదిలోంచి వచ్చారు.

"ఆరోజు నీకు నిజమే చెప్పాను గదా కోటిరత్నం!"

"చెప్పారండీ. ఇన్నేళ్ళూ అందరికీ నాచేత అబద్ధం చెప్పించి, నాకొక్కదానికే నిజం చెబితే ఎట్టా నమ్మేదండీ?"