కార్డు రాయని శ్రోత

చచ్చిపోయిన మనిషి గొంతు వినిపించిందంటే పని మానుకుని కూర్చుని వింటారే, బతికున్న మనిషి గొంతు పదకొండు నెలలు వినిపించకపోతే మీకు ఒక్క పూటైనా అనుమానం ఎందుకు రాదు?

మిమ్మల్నే అడుగుతున్నాను. ఇది చదివాక మీలో చాలామంది "అయితే ఆత్మ ఉందన్నమాట" అని తృప్తిగా తల ఊపుతారని నాకు తెలుసు. ఆ తృప్తి మీద కోపంతోనే ఇది రాస్తున్నాను.

నేను దెయ్యాలను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. మా నాన్న ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద సభలు పెట్టిన మనిషి. అరచేతిలో కర్పూరం వెలిగించుకోవడం నేను పదేళ్ళకే వేదిక మీద చేసి చూపించాను. సైన్సు టీచరుగా ఉన్నప్పుడు పూనకం వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, నా వెనక చాలా తిట్లు సంపాదించుకున్నాను. ఇప్పుడు మస్కట్‌లో, అజైబాలో ఒక ఆఫీసులో కాగితాల పని చేస్తున్నాను. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళకు ఫారాలు నింపిపెడుతుంటాను కాబట్టి వాళ్ళకు నేను టీచరమ్మను.

వాళ్ళలో ఒకామె వెంకటలక్ష్మి. తణుకు దగ్గర పల్లె ఆమెది. అందరూ రేడియో అక్క అనేవారు.

ఆమె చిన్నప్పుడు మధ్యాహ్నం పూట శ్రోతలు కోరిన పాటలు వేసే ఒక అనౌన్సరమ్మ ఉండేదట. పాటకు ముందు, కార్డులు రాసినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ చదివేది. తొందర లేకుండా, పేరుకీ పేరుకీ మధ్య చిన్న ఊపిరి తీసుకుని. "పాట వింటే నీకు హీరోయిన్ గుర్తొస్తాదేమో టీచరమ్మా, నాకు మాత్రం ఆవిడ ఊపిరే గుర్తొస్తాది" అనేది వెంకటలక్ష్మి.

నాకూ ఒక అనౌన్సరు ఉన్నాడు, ఒప్పుకుంటున్నాను. నాలుగిళ్ళ గూడెం పేరు కూడా అదేదో రాజధాని అయినట్టు పలికేవాడు. ఒక పాత వాన పాట ఎక్కడ వినిపించినా ఈ రోజుకీ నాకు మొదట వినపడేది వాన కాదు, ఆయన గొంతు. మా నాన్నకు సినిమా పాటలంటే పడదు. ఆ చిన్నచూపు నాకూ అంటింది. దాని ఫలితం తర్వాత చెప్తాను.

వెంకటలక్ష్మి ఆ కార్యక్రమాన్ని ఒమాన్‌లో మళ్ళీ మొదలుపెట్టింది. సెలవున్నా లేకపోయినా శుక్రవారం మధ్యాహ్నం ఇళ్ళలో కాస్త సద్దుమణుగుతుంది. ఆ వేళకు ఫోన్ గ్రూపులో ఆమె రికార్డు చేసిన కార్యక్రమం వచ్చేది. వారమంతా ఆడవాళ్ళు కావలసిన పాట చెప్పి పంపేవారు. ఆమె అచ్చం ఆ పాత అనౌన్సరమ్మలాగే ఊపిరి తీసుకుంటూ పేర్లు చదివి పాట పెట్టేది.

ఒక చిక్కు వచ్చింది. ఊరి పేరు చదవాలి కదా. మన ఆడవాళ్ళలో సగం మందికి తాము ఉంటున్న ఇంటి నంబరు తెలియదు, వీధి పేరు తెలియదు. విమానాశ్రయంలో కారెక్కారు, గేటు దగ్గర దిగారు, అంతే. అందుకని ఆమె "నీ వంటింటి కిటికీలోంచి ఏం కనపడతాదో చెప్పు" అని అడిగేది. అదే చిరునామా. "అజైబా నుంచి, కిటికీలో రెండు ఖర్జూరం చెట్లూ ఒక పిల్లల ఉయ్యాలా కనపడే ఇంట్లో సువర్ణ" అని చదివేది.

పేరు కూడా పుట్టింటి పేరే కావాలి. మన పేర్లు నోరు తిరగక చాలా ఇళ్ళలో వేరే పేరు పెట్టి పిలుస్తారు. కొందరికి ఏజెంట్లు పాస్‌పోర్టే వేరే పేరు మీద చేయిస్తారు. "అమ్మ పెట్టిన పేరు వారానికొకసారైనా గాల్లో తిరగాలమ్మా" అనేది ఆమె. రెండు వారాలు ఎవరైనా పాట అడగకపోతే, అడిగేదాకా వెతికేది. ఆ ఇంటి డ్రైవరుకు ఫోను చేసేది, పక్కింటి పనామెకు కబురు పెట్టేది.

నేను అది ఊసుపోక చేసే పని అనుకున్నాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమె గుండె ఆగి చనిపోయింది. ఆమె పనిచేసిన ఇంటి ఒమానీ ముసలావిడ సొంత చెల్లెలు పోయినట్టు ఏడ్చింది. శవం తణుకు చేరింది. మరుసటి వారం సువర్ణ, ఆమె కూడా గోదావరి మనిషే, నా దగ్గరికొచ్చి "ఇక మీరు చదవండి టీచరమ్మగారూ, మీ మాట బాగుంటదండి" అంది. సినిమా పాటలకు నాకు తీరిక లేదన్నాను. నవ్వుతూనే అన్నాను. గ్రూపు మూగబోయింది.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం మేము ముగ్గురం ఖురియాత్ అనే ఊరికి బయలుదేరాం. సముద్రం చూద్దాం, తాజా చేపలు తెచ్చుకుందాం అని. నేను, సువర్ణ, కారు నడుపుతూ రాజన్న. రాజన్నది జగిత్యాల వైపు, ఘాలాలో కంపెనీ బస్సు డ్రైవరు. పట్టపగలు. ఎవరూ తాగలేదు, ఎవరికీ జ్వరం లేదు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే మీరు అడుగుతారు కాబట్టి.

కొండల మధ్య దారి. ఫోను సిగ్నల్ పోయింది. రేడియో అక్క చివరి కార్యక్రమం సువర్ణ ఫోనులో దాచుకుంది. దాన్ని కారు స్పీకరుకు కలిపింది. అందులో ఎనిమిది పేర్లు. ఎనిమిదోది సువర్ణదే. అది కాగానే పాట. ఆమె దాన్ని ఎన్నిసార్లు విందో లెక్క లేదు, నేను కూడా రెండుసార్లు విన్నాను.

సువర్ణ పేరు అయింది. పాట రాలేదు.

చిన్న ఊపిరి. తర్వాత అదే గొంతు, అదే నిదానం: "ఖురియాత్ నుంచి, కిటికీలో ఒరిగిపోయిన నీళ్ళ ట్యాంకీ, బోర్లించిన పడవా కనపడే ఇంట్లో ఓబులమ్మ."

అప్పుడు పాట మొదలైంది.

రాజన్న కారు పక్కకు ఆపాడు. "ఏందక్కా గిది? గీ ఓబులమ్మ ఎవలు?"

సువర్ణ ముందుకు వంగింది. "నా తర్వాత ఎవరూ లేరండి. నాదే ఆఖరండి."

నేను ఫోను లాక్కుని మళ్ళీ పెట్టాను. ఎనిమిది పేర్లు, వెంటనే పాట. మూడుసార్లు పెట్టాను. తొమ్మిదో పేరు లేదు.

నాకు వణుకు రాలేదు, కోపం వచ్చింది. సాక్షులను విడదీసి అడగడం నాన్న నేర్పిన మొదటి పాఠం. రాజన్నను దూరంగా నిలబడమని, సువర్ణను ఏం విన్నావో చెప్పమన్నాను. తర్వాత సువర్ణను కారులో కూర్చోబెట్టి, రాజన్నను అడిగాను. "ఒంగిన ట్యాంకీ, ఉల్టా పడవ, ఓబులమ్మ" అన్నాడు. ఇద్దరూ నేను విన్నదే చెప్పారు.

"వాపస్ పోదాం అక్కా. నాకు పెండ్లాం పిల్లలున్నరు."

"దెయ్యానికి నీ పెళ్ళాంతో ఏం పని?"

"నీకేం, నువ్వు నమ్మవు. అది నన్నే పట్టుకుంటది."

సువర్ణ వెనక సీట్లోంచి మెల్లగా అంది: "అక్క ఎప్పుడూ ఊరికే పేరు చదవదండి."

వెళ్దాం అన్నాను. ఓబులమ్మను రక్షించడానికని కాదు. నిజం చెప్పాలి కదా, అలాంటి ఇల్లు లేదని వాళ్ళకు చూపించి నోరు మూయించడానికి వెళ్దాం అన్నాను.

ఖురియాత్‌లో సముద్రానికి కొంచెం ఇవతల, తోటల పక్కన సందుల్లో ముప్పావు గంట తిరిగాం. రాజన్న ప్రతి ట్యాంకునూ చూసి "గిది సీదాగనే ఉంది, పోదాం" అంటున్నాడు. చివరికి ఒక ఖాళీ జాగాలో ఒక కాలు విరిగి ఒరిగిన ట్యాంకు కనిపించింది. దాని కింద, రంగు వెలిసిన పడవ బోర్లా. ఎదురుగా ఒక ఇంటి పక్క గోడ, చిన్న కిటికీ, ఇనుప ఊచలు. ఇంటి గేటుకు బయటినుంచి తాళం.

ఊరుకాని ఊళ్ళో ఒకరి కిటికీ కింద నిలబడి, లేని మనిషిని పిలవాలి. నా వయసుకూ నా వాదనలకూ తగని పని. అయినా పిలిచాను.

"ఓబులమ్మా!"

మళ్ళీ పిలిచాను. తర్వాత లోపలినుంచి, నేల మీదినుంచి వచ్చినట్టు: "ఎవురు? నన్ను ఆ పేరుతో పిల్చేదెవురు మా?"

రాజన్న ఏడ్చేశాడు. నేను కూడా ఏదో చేసి ఉంటాను, గుర్తు లేదు.

కడప జిల్లా మనిషి. వారం కిందట వేడి నూనె కాలి మీద పడింది. ఇంటివాళ్ళు ఊరెళ్తూ, వచ్చేదాకా సరిపోతుందని బియ్యం, పప్పు పెట్టి తాళం వేసుకుపోయారు. ఆమె ఫోను వచ్చిన మొదటి వారంలోనే తీసుకున్నారు. కాలు చీము పట్టి నల్లబడింది. పక్కింటి ఒమానీ ఆవిడకు సంగతి తెలియగానే తల కొట్టుకుని, తన కొడుకు చేత పోలీసులకు ఫోను చేయించింది. వాళ్ళొచ్చి తాళం తీశారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కాలు కాదు, ప్రాణమే పోయేదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి బండి కోసం చూస్తున్నప్పుడు ఓబులమ్మ సువర్ణ చెయ్యి పట్టుకుని అడిగింది: "నేనీడ ఉండానని మీకెట్ల తెల్సింది?"

"రేడియోలో నీ పేరు చదివారమ్మా" అంది సువర్ణ.

ఓబులమ్మ జ్వరంలోనే ఆలోచించింది. "నేను కార్డు రాయలేదే" అంది.

తర్వాత నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. గ్రూపులో మరో ఆరుగురి ఫోన్లలో ఉన్న అదే రికార్డు తెప్పించి విన్నాను. అన్నిటిలో ఎనిమిది పేర్లే, నిడివి సెకను తేడా లేదు. వెంకటలక్ష్మి పేర్లు రాసుకునే నోటుబుక్కు ఆమె పనిచేసిన ఇంట్లో అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చూశాను. ఓబులమ్మ లేదు. ఓబులమ్మను అడిగాను. వెంకటలక్ష్మి ఎవరో తెలియదు, గ్రూపు సంగతే తెలియదు. ఆమె పాస్‌పోర్టులో ఉన్నది వేరే పేరు, ఆ ఇంట్లో పిలిచింది మరియం అని. ఓబులమ్మ అనే పేరు ఒమాన్‌లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. మా ముగ్గురిలో ఎవరైనా ఆ ట్యాంకును ఎప్పుడో చూసి మరచిపోయామా? ట్యాంకును చూడొచ్చు. పేరును ఎక్కడ చూస్తాం?

నాకు జవాబు లేదు. జవాబు లేకపోవడం నాకు అవమానంగా ఉంది, అయినా లేదు.

కానీ నా కోపం దాని మీద కాదు. వారం తిరగకముందే గ్రూపులో రేడియో అక్క ఫోటోకు బొట్టు పెట్టారు. దండ వేశారు. ఈ బొమ్మను పదకొండు మందికి పంపితే కోరిక తీరుతుందని ఎవరో రాశారు, అందరూ పంపారు. ఘాలా కూలీల క్యాంపులోంచి ఒకాయన నాకు ఫోను చేసి, ఆ రికార్డు పెడితే తన వీసా సంగతి చెప్తుందా అని అడిగాడు. ఆ మహాతల్లి బతికున్నన్నాళ్ళూ ప్రతి పేరునూ లెక్కపెట్టి, మాయమైనవాళ్ళను ఇల్లిల్లూ వెతికింది. ఆ పని అందుకోవడానికి ఒక్కరు లేరు, హారతి పట్టడానికి నలభైమంది ఉన్నారు. ఆ పని చేయమని అడిగితే నవ్విన మొదటి మనిషిని నేనే. అందుకని ఇది ఎవరినో తిట్టడం కాదు.

ఓబులమ్మ అన్నకు ఫోను చేశాను. నమస్కారమైనా పెట్టకుండా అడిగాడు: "అక్కడ ఆత్మ చెప్పిందంట కదమ్మా, నిజమేనా?"

"మీ చెల్లెలు పదకొండు నెలలుగా మాట్లాడలేదు. మీరేం చేశారు?"

"ఏజెంటు బాగుండాదని చెప్తానే ఉండె. నెల నెలా అడగతానే ఉంటి."

"ఎవర్ని అడిగారు?"

"ఏజెంటునే."

"ఆమె ఏ ఇంట్లో ఉందో తెలుసా? ఏ ఊళ్ళో?"

"మస్కట్ అన్న్యారు." వెంటనే, "ఆ యమ్మ ఏ పూట మాట్లాడింది? శుక్రవారం మంచిదేనా?" అన్నాడు.

జీవితంలో నేను ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు. బతికున్న చెల్లెలి గొంతు వినిపించమని ఒక్కసారైనా పట్టుబట్టని మనిషికి, చచ్చిన మనిషి గొంతు గురించి వివరాలన్నీ కావాలి! ఇంతమంది బతికున్నవాళ్ళు చేయని పనిని ఒక చనిపోయిన ఆడమనిషి చేయవలసి వచ్చింది. నిజంగా ఆమే చేసిందో లేదో నాకు తెలియదు. చేసి ఉంటే, సిగ్గుపడాల్సింది మనం.

ఓబులమ్మ కాలు దక్కింది. కుంటుతుంది. కాగితాలు సరయ్యాక తన పేరుతోనే ఇంటికి వెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నం ఇప్పుడు పేర్లు నేను చదువుతున్నాను. నా గొంతు బాగుండదు, సువర్ణ మొహం మీదే చెప్తుంది. నేను చదవని పేరు ఏదీ ఇంతవరకూ వినిపించలేదు. ఆ కొండల దారిలో ఆ రోజు ఏం జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను.

మీరు దాని గురించి ఆలోచించకండి. ఇది పక్కన పెట్టండి. మీ వాడలోంచి, మీ బంధువుల్లోంచి గల్ఫ్‌కు వెళ్ళిన ఆడమనిషికి ఇప్పుడే ఫోను చేయండి. ఏజెంటుకు కాదు, ఆమెకు. ఏ ఊరు, ఎవరి ఇల్లు, పాస్‌పోర్టులో ఏ పేరు ఉందో ఆమె నోటితోనే చెప్పించుకుని రాసి పెట్టుకోండి. ఆమె ఫోను ఎత్తకపోతే రేపటిదాకా ఆగకండి. ఈ పూటే ఏజెంటు ఇంటి ముందు కూర్చోండి, రాయబార కార్యాలయానికి రాయండి, ఆమె స్వయంగా మాట్లాడేదాకా లేవకండి.